ఆడుకున్నానని రాయని డైరీ

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి హన్మకొండలో వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటోంది. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఆరు నెలల కోర్సులో చేరింది. కోర్సులో భాగంగా ఎవరికి వాళ్లు సొంత బ్లాగు ఒకటి తయారు చేసుకుని రోజూ అందులో ఏదో ఒకటి రాయాలట. ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. 'అక్కా, నువ్వు తెలుగుల డాక్టరేట్ చేసినవు గదా, జర చదివి తప్పులుంటే చెప్పు' అంది.

నలభై రోజుల రాతలు చదివాను. పొద్దున నల్లా వచ్చే టైముకి లేవడం, కాజీపేట నుంచి షేర్ ఆటోలో ముందు సీటు తప్పించుకునే ఉపాయాలు, అమ్మ కుట్టుమిషను చప్పుడు, క్లాసులో అర్థంకాని పాఠం, రాత్రి బోళ్లు తోమాక మళ్లీ సిస్టం ముందు కూర్చోవడం... అన్నీ ఉన్నాయి. శుభ్రమైన, ఆడంబరం లేని వాక్యాలు. కానీ ఒకటి మాత్రం లేదు. మా రెండిళ్ల మధ్య గోడ ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక ఆ అమ్మాయి ఫోన్లో ఆట ఆడుతుందని నాకు తెలుసు. నోరు మూసుకుని నవ్వే నవ్వు వినిపిస్తుంది. ఆ గంట గురించి నలభై రోజుల్లో ఒక్క ముక్క లేదు. అడిగాను.

'ఆట గురించి ఏం రాస్తమక్కా? పనిచేసినమంటే రాయొచ్చు. ఏడ్చినమంటే రాయొచ్చు. ఆడుకున్నమని రాస్తే పనీపాటా లేదా అంటరు.'

నేను తప్పులు దిద్ది పంపించాను గానీ ఈ జవాబు నన్ను వదల్లేదు. స్త్రీల స్వీయ రచనలను చదవడమే వృత్తిగా పెట్టుకున్న నేను, వాళ్లు ఏం రాశారో వెతికాను. ఏం రాయడానికి సిగ్గుపడ్డారో ఎప్పుడైనా వెతికానా?

స్త్రీ రాతకి మన దగ్గర ఎప్పుడూ ఒక ప్రయోజనం చూపించవలసి వచ్చింది. తొలితరం సంస్కర్తలు స్త్రీ విద్యను సమర్థించినప్పుడు చెప్పిన కారణాలు మనకి తెలిసినవే. దూరాన ఉన్న భర్తకి ఉత్తరం రాయాలి, ఇంటి ఖర్చు లెక్క చూడాలి, పిల్లల్ని బాగా పెంచాలి. చదువుకున్న ఆడదాని గంటలు ఎవరికో ఒకరికి ఉపయోగపడాలి. వందేళ్ల తర్వాత, 2000ల మధ్యలో, తెలుగులో యూనికోడ్ వాడకం పెరిగింది. లేఖిని వంటి సాధనాలతో తెలుగులో టైపు చేయడం తేలికైంది. కూడలి వంటి చోట్ల కొత్త రాతలన్నీ ఒకే దగ్గర కనిపించసాగాయి. సంపాదకుల అనుమతి అక్కర్లేకుండా రాసే వీలు చాలామంది స్త్రీలకి మొదటిసారి దొరికింది. 'ప్రమదావనం' పేరుతో మహిళా బ్లాగర్లు ఒక గుంపుగా కలుసుకున్నారు. వాళ్ల రాతల్ని సాహిత్య లోకం పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నప్పుడు కూడా 'వంటలూ, పిల్లల ముచ్చట్లూ' అని తేల్చేసింది.

అప్పుడు స్త్రీవాద విమర్శ ఏం చేసింది? వ్యక్తిగతమే రాజకీయమని గుర్తుచేసి ఆ రాతల పక్షాన నిలబడింది. అది చేయవలసిన పనే. కానీ ఆ వాదంలో మనం ఒక ఎంపిక కూడా చేశాం. వంట గురించి రాస్తే అందులో చాకిరీని చూశాం. పిల్లల గురించి రాస్తే మాతృత్వ భారాన్ని చూశాం. మౌనంలో హింసని చూశాం. అవన్నీ ఉన్నాయి, కాదనను. నా సిద్ధాంత వ్యాసమంతా అదే పద్ధతిలో సాగింది. మాకు తెలియకుండానే మేమూ ఒక ప్రయోజనాన్ని అడిగాం. నీ దుఃఖం చూపిస్తే నీ రాతని సాహిత్యంగా నిలబెడతాం అన్నాం.

మనందరికీ ఇష్టమైన రెండు కథల్ని మళ్లీ చదివాను. పి.సత్యవతి 'ఇల్లలకగానే'లో గృహిణి ఇల్లు అలికీ అలికీ తన పేరే మరిచిపోతుంది. ఇంటిచాకిరీ అస్తిత్వాన్ని తుడిచేస్తుందనడానికి ఈ కథని ఎన్ని సెమినార్లలో ఉదహరించామో! అయితే పోయిన పేరు ఆమెకి ఎక్కడ దొరుకుతుంది? భర్త దగ్గర కాదు, పిల్లల దగ్గర కాదు. పాత స్నేహితురాలి దగ్గర. అంటే ఆ పేరు చాకిరీ మొదలుకాక ముందటి రోజుల్లో, ఎవరికీ లెక్క చెప్పనవసరం లేని ఒక స్నేహంలో భద్రంగా ఉంది. కథ ఆ సంగతి చెప్తూనే ఉంది. నేను అలుకుగుడ్డ మీదే కళ్లు పెట్టి చదివాను.

అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం'లో ఒక స్త్రీ జీవితమంతా కంటినిండా నిద్ర కోసం తపిస్తుంది. అందులోని వ్యంగ్యం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడు నాకింకో ప్రశ్న వస్తోంది. నిద్రని మనం అర్థం చేసుకోగలం, ఎందుకంటే నిద్ర మర్నాటి పనికి శక్తినిస్తుంది. అదే స్త్రీ నిద్ర మానుకుని ఒక గంట ఆడుకోవాలని తపించి ఉంటే? మన సానుభూతి అంతే ఉండేదా?

ఆ గంట ఎంత కష్టంగా దొరుకుతుందో లెక్కలు చెప్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 2019లో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. అయిదేళ్లలో స్త్రీలకి మిగిలింది పది నిమిషాలు. మగవాళ్లు కూడా దాదాపు అంతే మిగుల్చుకున్నారు.

మన ఊళ్లో ఆడవాళ్లకి ఆట కొత్తదేమీ కాదు. వరంగల్ ఆడవాళ్లం బతుకమ్మ 'ఆడతాం' అనే అంటాం. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర వేలమంది స్త్రీలు అర్ధరాత్రి దాకా రోడ్ల మీద ఉంటారు. ఎవరూ 'ఇంకా ఇంటికి పోలేదా' అని అడగరు. 2014 నుంచి అది రాష్ట్ర పండుగ కూడా. కానీ ఆ ఆటకి దేవత తోడుంది, పూలు తోడున్నాయి, అమ్మలూ అత్తలూ తోడున్నారు. తొమ్మిది రోజులకి అనుమతి ముగుస్తుంది. అష్టాచెమ్మా, వామనగుంటలు, గచ్చకాయలు ఈడేరాక ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతాయి. మన ఆత్మకథల్లో ఆటలు బాల్యం అధ్యాయంతో ఆగిపోవడం అందుకేనేమో.

పదిహేను రోజుల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. 'రాసిన అక్కా. కానీ కనిపిస్తలేదు' అంది. తెర మీద ఏమీ లేదు. పేజీ వెనక కోడ్ తెరిచి చూపించింది. అక్కడ ఒక పేరా ఉంది. దానికి 'డిస్‌ప్లే నన్' అని ఆదేశం తగిలించింది. అలా చేస్తే రాత కోడ్‌లో ఉంటుంది గానీ చదివేవాళ్లకి కనిపించదు. ఉన్న ఆనవాలు కూడా మిగలదు. కింది పేరా పైకి జరిగి ఆ జాగాని నింపేస్తుంది.

ఆమె అనుమతితోనే, పేరు లేకుండా, ఆ పేరాలో ఏముందో చెప్తున్నాను. పబ్జీని 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించాక 2021లో బీజీఎంఐ పేరుతో వచ్చిన ఆట ఆమె ఆడేది. వందమంది ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకోవాలి. చివరిదాకా బతికినవాళ్లు గెలిచినట్టు. ఆమె చాలాసార్లు ఎవరినీ కాల్చదు. దూరంగా దిగి, ఖాళీ ఇళ్ల మధ్య నుంచి సముద్రం దాకా నడుస్తుంది. ఆటలో క్షేమంగా ఉండే చోటు నిమిష నిమిషానికీ చిన్నదైపోతుంది కాబట్టి కాసేపటికి ఎలాగూ చచ్చిపోతుంది. 'అప్పటిదాకా ఎక్కడికి పోతున్నవని ఎవరు అడగరు' అని రాసింది.

ఈ వాక్యం చదివి నేను 2008కి వెళ్లిపోయాను. ఆ డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వాళ్లలో ఒకరు నెలాఖరుకి చనిపోయారు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజుల్లోనే పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. న్యాయం జరిగిపోయిందని ఊరు చప్పట్లు కొట్టింది. అప్పుడు నేనూ హన్మకొండలో విద్యార్థినినే. మా హాస్టల్లో సాయంత్రం గేటు గంటన్నర ముందే మూయడం మొదలుపెట్టారు. నెట్ సెంటర్‌కి పోవడం బందైంది. దాడి చేసింది మగవాళ్లు, గడియారం ముల్లు వెనక్కి జరిగింది మాకు. ఆ గంటన్నర మాకెవరూ తిరిగి ఇవ్వలేదు. ఈ అమ్మాయి ఫోన్లో నడుస్తున్నది ఆ గంటన్నరలోనే అనిపించింది.

అలాగని ఆటని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆమె ఆడేది మగపేరుతో. మైకు ఎప్పుడూ ఆపే ఉంచుతుంది, ఆడగొంతు వినిపిస్తే ఏం వినవలసి వస్తుందో ఒకసారి అనుభవమైందట. వీడియో గేముల్లో స్త్రీల చిత్రణను విమర్శించే వీడియోలు చేస్తానన్నందుకే 2012లో అనీటా సర్కీసియన్‌ను ఎంత వేధించారో మనకి తెలుసు. 2014లో చంపుతామన్న బెదిరింపు వల్ల అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఆమె ప్రసంగం రద్దు చేసుకోవలసి వచ్చింది. పైగా ఆటలు వ్యాపారం కూడా. 2009లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో వేళకి వెళ్లి కోయకపోతే వేసిన పంట వాడిపోయేది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టు, పొలం గుర్తొచ్చి పరుగెత్తిన స్నేహితురాళ్లు నాకున్నారు. తీరికని కూడా రెండో చాకిరీగా మార్చగల తెలివి మార్కెట్‌కి ఉంది. ఇవన్నీ విమర్శించాలి. కానీ విమర్శించాలంటే ముందు ఆ స్త్రీలు ఆడారని ఒప్పుకోవాలి, ఆడుతూ ఏం అనుభవించారో వినాలి.

వినడానికి ఆలస్యం కూడా చేయకూడదు. ఆర్కుట్ 2014లో మూతపడింది. యాహూ గ్రూపులు, తొలి ఫార్మ్‌విల్ 2020 డిసెంబరులో పోయాయి. మూడు తరాల కిందటి స్త్రీల పత్రికల కోసం గ్రంథాలయాల్లో దుమ్ము దులిపే మనం, నిన్నటి స్త్రీల రాతలు కళ్లముందే మాయమవుతుంటే ఊరుకున్నాం. 'అది సాహిత్యమా?' అన్న ప్రశ్న ఈసారి మగ విమర్శకుల దగ్గర నుంచి మాత్రమే రాలేదు. మన మౌనం కూడా అదే ప్రశ్న వేసింది.

ఆ పేరాని పైకి తెమ్మని నేను అడగలేదు. వాళ్లమ్మ చదువుతుందన్న భయం ఆమెది, తెగించమని చెప్పే హక్కు నాకు లేదు. కానీ మొన్న చూస్తే పేజీలో చిన్న తేడా కనిపించింది. రెండు పేరాల మధ్య నాలుగు వరుసల ఖాళీ ఉంది. అడిగితే చెప్పింది. 'డిస్‌ప్లే నన్' తీసేసి 'విజిబిలిటీ హిడెన్' పెట్టిందట. ఇప్పుడూ అక్షరాలు కనిపించవు, కానీ వాటి జాగా వాటికే ఉంటుంది.

'ఇక్కడ ఏదో ఉన్నదని తెల్వాలె గదా అక్కా' అంది.

మన ముందు తరం స్త్రీల డైరీల్లో, ఉత్తరాల్లో, ఆత్మకథల్లో ఇలాంటి ఖాళీ వరుసలు ఎన్ని ఉన్నాయో ఇంక వెతకాలి. అవన్నీ బాధతోనే రాయకుండా వదిలేసినవని మాత్రం ఇకమీదట నేను అనుకోలేను.