మంగళం దాకా

నేను చూసిన నాటకాల్లో చాలావాటికి ముగింపు నాకు తెలియదు. విన్న కచేరీల్లో సగానికి పైగా మంగళం వినలేదు. నలభై దాటినదాన్ని, నవలలు రాసేదాన్ని, సంగీతం మీదా నాటకాల మీదా అప్పుడప్పుడూ పత్రికల్లో అభిప్రాయాలు కూడా వెలిబుచ్చేదాన్ని. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాని ఇది చదువుతున్న మీలో ఎంతమంది నాతోపాటు తల వంచుకుంటారో తెలుసు గనక ధైర్యం చేస్తున్నాను.

విశాఖపట్నంలో వేసవి వచ్చిందంటే రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. ఒకటి ఆవకాయ. రెండోది సాయంకాలపు కార్యక్రమాలు. సముద్రం పక్కనే ఉందన్న పేరేగాని, మధ్యాహ్నం పూట ఇక్కడి గాలికి కూడా చెమట పడుతుందేమో అనిపిస్తుంది. ఐదు దాటాక నీళ్ళ మీంచి చల్లగా ఓ తెర లేస్తుంది. ఇక ఊరు ఊరంతా బయటపడుతుంది. కళాభారతిలో కచేరీ. గురజాడ కళాక్షేత్రంలో నాటకమో, నాట్యమో. రామకృష్ణా బీచిలో జలాంతర్గామి ఎదుట ఫోటోలు, పొట్లాల్లో మురీ మిక్చరు. ఐపీఎల్ మ్యాచిలు ఇక్కడ పెట్టిన ఏడాది మధురవాడ వైపు వెళ్ళే బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ఇవిగాక పిల్లల వేసవి శిబిరాలు. లోపల వాడు క్రికెట్టు, అది కూచిపూడి. గేటు బయట మనం, చేతిలో నీళ్ళసీసా.

వేసవి సాయంత్రం ఈ ఊరికున్న గొప్ప ఆస్తి. అందులో ఆడవాళ్ళ వాటా ఎంత అని లెక్క వేసుకుంటే సరిగ్గా మొదటి సగం.

ఈ లెక్క నాకు తెలిసొచ్చిన వైనం చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక యువగాయని కచేరీకి వెళ్ళాను. ఆహ్వానపత్రంలో ఆరు గంటలని ఉంది. ఆరున్నరకి జ్యోతి వెలిగించారు. ఆ తరవాత అధ్యక్షులవారు, ముఖ్య అతిథిగారు, విశిష్ట అతిథిగారు, ఆత్మీయ అతిథిగారు. ఒకాయన సంగీతం గొప్పదన్నారు. రెండో ఆయన సంగీతం చాలా గొప్పదన్నారు. మూడో ఆయన తనకు సంగీతం తెలియదంటూనే పావుగంట మాట్లాడారు. తరవాత శాలువాలు. వైశాఖమాసంలో, ఈ ఉక్కలో, శాలువా కప్పించుకుని చిరునవ్వు చెరగకుండా నిలబడ్డవాళ్ళ ఓర్పుకి మళ్ళీ ఇంకో సన్మానం చెయ్యాలి. పాపం, ఆ పిల్ల తంబురా పక్కన చేతులు కట్టుకుని కూర్చుని వర్ణం ఎత్తుకునేసరికి ఏడుంబావు.

ఎనిమిదిన్నరకి ప్రధాన కీర్తన పూర్తయి మృదంగం తని మొదలైంది. నేను వాచీ చూసుకున్నాను. ఇంట్లో అత్తగారి మాత్రలు, అబ్బాయి భోజనం, ఇంకాసేపు ఆగితే ఆటో దొరుకుతుందో లేదో. నడుం వంచి, పక్కవాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికొచ్చాను. నా వెనకే మరో పదిమంది ఆడవాళ్ళు. మృదంగ విద్వాంసుడి మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు సమీక్ష రాయడానికి కూర్చున్నాను. శ్రుతిశుద్ధి మెచ్చుకున్నాను. రాగాలాపన హాయిగా సాగిందన్నాను. ఒక్క లోపమన్నా చూపించకపోతే విమర్శ కాదేమోనని, “పదాలు, జావళీలలో భావం ఇంకా పండవలసి ఉంది” అని ఓ వాక్యం పారేశాను. ఏ చిన్నవాళ్ళ పాటకైనా అతికే వాక్యం కదా అది!

వారం తిరిగేసరికి ఆ అమ్మాయి ఫోను.

“మేడమ్, ఏమీ అనుకోనంటే ఒక్కమాట అడుగుతానండి. నేను పదం ఎత్తుకునేసరికి తొమ్మిదైంది. మూడో వరసలో నడవ పక్క కుర్చీ మీది. అప్పటికది ఖాళీగా ఉంది. నా పదంలో మీకు కనిపించిన లోపం ఏమిటో చెప్తే దిద్దుకుంటాను.”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. అందుకే నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, “తప్పు నాదమ్మా. నేను వినలేదు,” అన్నాను.

“పర్లేదండి. మా అమ్మ కూడా తని అవుతుండగానే వెళ్ళిపోయింది. నాన్నగారికి అన్నం పెట్టాలని.”

ఆ రెండో మాటకి నాకు ఇంకా ఎక్కువ కష్టం కలిగింది.

కచేరీ అమరికలో ఒక పద్ధతి ఉంది. ముందు వర్ణం, తరవాత కీర్తనలు, నడుమ పెద్ద కీర్తన, తని. అవన్నీ అయ్యాక పదాలు, జావళీలు, తిల్లానా, చివర మంగళం. భరతనాట్యంలోనూ అంతే. వర్ణం అనే పెద్ద కొండ ఎక్కి దిగాకనే పదం. విద్వత్తంతా చూపించేశాక, ఇంక ఎవరికీ ఏమీ రుజువు చెయ్యనక్కర్లేని వేళ వచ్చే పాటలివి. క్షేత్రయ్య పదాల్లో చాలామటుకు మాట్లాడేది ఆడది. తిరిగిరాని వాడి గురించి, ఆలస్యంగా వచ్చినవాడి గురించి, వచ్చి కూడా మనసు ఎక్కడో పెట్టుకున్నవాడి గురించి. ఆ గోడు వెళ్ళబోసుకునేది చాలాసార్లు పక్కనున్న చెలికత్తెతో. తీరా ఆ చెలికత్తెను పిలిచే వేళకి చెలికత్తెలందరూ ఆటోల్లో ఉంటారు. హాల్లో మిగిలినవాళ్ళలో సగంమంది స్కూటరు తాళాలు చేతిలో ఆడిస్తున్న మగవాళ్ళు. మూడు వందల ఏళ్ళకి పైగా నిలిచిన ఆ ఆడగొంతు ఎవరి కోసం నిలిచినట్టు?

నాటకం సంగతీ ఇంతే. గురజాడ పేరు పెట్టుకున్న కళాక్షేత్రం ఉంది గనక కన్యాశుల్కమే తీసుకుందాం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. మనం ఇప్పుడు చదువుకునేది 1909లో ఆయన పెంచి, తిరగరాసిన ప్రతి. ఏడంకాలు. మొత్తం ఆడితే రాత్రి చాలదు గనక కత్తిరించి ఆడతారు. కత్తిరించినా చివరికి వచ్చేసరికి మనం ఇంటికొచ్చేస్తాం. చివరి అంకం జరిగేది ఎక్కడనుకున్నారు? ఈ విశాఖపట్నంలోనే. మధురవాణి సౌజన్యారావు పంతులిని కలుసుకోవడానికి వెళ్ళేది ఈ ఊళ్ళోనే. ఎలా వెళ్ళింది? మగవేషం వేసుకుని. వేశ్య మొహం చూడనని పట్టుబట్టిన మనిషి ఇంటికి వెళ్ళడానికి ఆమెకా వేషం అవసరమైంది. నూరేళ్ళు దాటిపోయాయి. ఆ వేషం లేకుండా చివరి అంకం దాకా కూర్చోవడం మనకి ఇప్పటికీ సులువు కాలేదు. ఆ నాటకాన్ని ఇంతకన్నా బాగా అర్థం చేసుకున్నవాళ్ళుంటారా!

ఆటలకి ఇలాంటి గొడవ ఉండదనుకునేదాన్ని. మా వదిన ఆ భ్రమ తీర్చింది. ఆవిడకి క్రికెట్టంటే ప్రాణం. 2005 ఏప్రిల్ 5న ఇక్కడ పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు కొట్టిన రోజు ఆవిడ స్టేడియంలో ఉంది. అప్పుడతను మూడో ఆటగాడిగా ముందే దిగాడు గనక కళ్ళారా చూసింది. పందొమ్మిదేళ్ళ తరవాత, 2024 మార్చి 31న, అదే మైదానంలో ఢిల్లీకీ చెన్నైకీ మ్యాచి. రాత్రి ఏడున్నరకి మొదలు. పదిహేను ఓవర్లయ్యేదాకా ధోనీ దిగలేదు. ఇంకా ఆగితే తొక్కిడిలో చిక్కుకుంటామని వదిన మనవాళ్ళని లేవదీసింది. హైవే మీదికి వచ్చి ఆటో బేరమాడుతుండగా వెనక నుంచి సముద్రం విరిగి పడ్డట్టు హోరు. ధోనీ దిగాడు! 16 బంతుల్లో 37. చెన్నై ఎలాగూ 20 పరుగుల తేడాతో ఓడిపోయిందనుకోండి. “ఓడిపోతే ఏం వదినా? నేను ఆ హోరు బయట నుంచి విన్నాను,” అని ఇప్పటికీ అంటుంది. ఆ గొంతు వింటే మ్యాచి గురించి మాట్లాడుతున్నట్టుండదు.

2025 అక్టోబరు 12న అక్కడే మన ఆడపిల్లలు ప్రపంచకప్పులో ఆస్ట్రేలియాతో ఆడారు. మనవాళ్ళు 330 చేస్తే, ఆస్ట్రేలియావాళ్ళు నలభై తొమ్మిదో ఓవరులో అది దాటేశారు. స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు పెట్టింది కూడా ఆ రోజే. వెలుగుల నడుమ ఆడపిల్లలు రాత్రి దాకా ఆడుతుంటే ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆడేవాళ్ళకి లేని గడువు చూసేవాళ్ళకి ఎవరు పెట్టారు?

“రోజులు బాగాలేవమ్మా” అంటారు. భయం అబద్ధమని నేననను. కూతురున్న ఏ తల్లీ అనలేదు. కాని మా అమ్మమ్మ మాట గుర్తొస్తుంది. శ్రీకాకుళం వైపు పల్లెటూరు. వీధిభాగవతం వచ్చిందంటే చాప, దిండు, చంకలో పిల్ల, కొంగున మూటకట్టిన మరమరాలు. తెల్లవారేదాకా కదిలేది కాదట. సత్యభామ అలకా చూసింది, ఆ అలక తీరడమూ చూసింది. కరెంటు లేని ఊళ్ళో మా అమ్మమ్మ కథ మొత్తం చూస్తే, ఇన్ని దీపాలున్న ఊళ్ళో నేను సగం చూసి వస్తున్నాను. అయితే అమ్మమ్మకున్నది ధైర్యం కాదు, చుట్టూ ఊరు ఉండటం.

అలా ఊరు చుట్టూ ఉండే రాత్రి మనకీ ఒకటుంది. వేసవి వెళ్ళి వానలు పడేవేళ, ఆషాఢ పౌర్ణమి ముందురోజు, సింహాచలం గిరిప్రదక్షిణ. 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక మీదుగా, అప్పుఘర్ దగ్గర సముద్రపు గాలి పీల్చుకుని, మాధవధార వైపు తిరిగి, రాత్రంతా నడుస్తారు. అందులో ఎంతమంది ఆడవాళ్ళో! పసిపిల్లల తల్లులు, కాళ్ళకి చెప్పుల్లేని ముసలమ్మలు, కాలేజీ అమ్మాయిలు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, దీపాలు, పోలీసులు, బస్సులు. అర్ధరాత్రి రెండింటికి నడుస్తుంటే “ఇంత రాత్రివేళ ఎక్కడికమ్మా?” అని అడిగేవాడుండడు. అదే రోడ్డు, అదే చీకటి. దేవుడి కోసం అయితే ఊరు ఒప్పుకుంది. పదం కోసం, ధోనీ కోసం, ఊరికే గాలి కోసం అయితే ఇంకా ఒప్పుకోలేదు.

సభలు నడిపే పెద్దలకి నా మనవి చిన్నది. ఆరని వేసిన కచేరీని ఆరుకి మొదలుపెట్టండి. శాలువాలు చివర కప్పండి. అతిథులు కూడా మంగళం దాకా ఉంటారు. ఏ ఒక్క కచేరీలోనైనా తనికి ముందు ఒక పదం పాడమని గాయకుల్ని అడగండి. చివర్లో బస్సుందో లేదో ఆహ్వానపత్రంలోనే అచ్చువేయండి. ముఖ్య అతిథిగారి బిరుదుల్లో రెండు తగ్గిస్తే దానికి చోటు సరిపోతుంది.

ఇంక నా బాకీ ఒకటి మిగిలింది. ఈ వేసవిలో ఆ అమ్మాయి కచేరీ మళ్ళీ పడింది. వదిన, ఎదురింటి పిన్నిగారు, ఆవిడ కోడలు, నేను, నలుగురం కలిసి, తిరిగి వచ్చేటప్పటికి ఆటో ముందే మాట్లాడుకుని వెళ్ళాం. తని మొదలవగానే అలవాటుకొద్దీ నా మోకాళ్ళు కదిలాయి. వదిన నా చెయ్యి పట్టుకుంది. తొమ్మిదింటికి పదం. ఒక్క పాదాన్ని నాలుగుసార్లు పాడింది. మొదటిసారి దెప్పినట్టు, రెండోసారి తనలో తాను అనుకున్నట్టు, మూడోసారి నవ్వుతున్నట్టు, నాలుగోసారి ఇంక అడగనన్నట్టు. పిన్నిగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. భావం పండవలసి ఉందని రాసిన మాట ఇక్కడ, అచ్చులోనే, వెనక్కి తీసుకుంటున్నాను. తిల్లానా మాత్రం కాస్త తొందరపడింది. అది విని రాస్తున్నాను. వాచ్‌మన్ తలుపు దగ్గర తాళాలు గలగలలాడించడం కూడా విన్నాను గనక తప్పంతా ఆ పిల్లదనలేను.

మంగళం అయింది. ఇంటికి చేరేసరికి పదిన్నర. అత్తగారు మాత్రలు వేసుకుని పడుకున్నారు. మావారు అన్నం పెట్టుకుని తిన్నారు, అబ్బాయికీ పెట్టారు. కొత్తావకాయ జాడీకి మూతపెట్టడం మరిచిపోయారు. అంతకుమించి ప్రళయమేమీ రాలేదు.