విద్య సరకు గాదను తీర్పు - ఋణగ్రస్తుడైన విద్యార్థి

కోయంబత్తూరు తెలుగువారి చరిత్రలో 1926వ సంవత్సరము మరువరానిది. పీళమేడు గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని పంచుకొనుచు, దానిని నాలుగు గాక ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. పి.యస్.జి. విద్యాసంస్థలకు మూలము ఆ ధనమే. దానిని తిరిగి చెల్లింపుమని యడిగినవారు లేరు. నేడు గాంధీపురము బస్సు నిలయములలో దిగి చుట్టుపట్ల కళాశాలలకు పోవు పిల్లలలో పలువురి చదువు బ్యాంకు అప్పుమీద సాగుచున్నది.

2001లో భారత బ్యాంకుల సంఘము రూపొందించిన విద్యాఋణ పథకము ననుసరించి 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అక్కరలేదు. తల్లియో తండ్రియో కూడ సంతకము చేయవలెను. శుల్కపు సొమ్ము సాధారణముగా విద్యార్థి చేతికి రాక నేరుగా కళాశాలకు చేరును. ఆ కళాశాలలో బోధకులు లేకున్నను, వాగ్దానము చేసిన ప్రయోగశాల కానరాకున్నను, బ్యాంకునకు దానితో నిమిత్తము లేదు. వాయిదా మాత్రము తప్పదు.

అట్టివాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగా నున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1993లో విద్య వ్యాపారము కారాదని ఘోషించినది. ఉదాత్తమైన మాటయే. కాని 2010లో మహర్షి దయానంద విశ్వవిద్యాలయపు వ్యాజ్యమున విద్యార్థి వినియోగదారుడు కాడని నిర్ణయమైనది. ఇచ్చట ఒక విషయము గమనింపదగియున్నది. ఆ వ్యాజ్యము నడిచినది ప్రభుత్వ విశ్వవిద్యాలయముపైన. నియమము తప్పి ఒకేకాలమున రెండు కోర్సులు చదివినది విద్యార్థినియే. అట్టి సందర్భమున పుట్టిన సూత్రమును, 2012లో, విద్య సరకు గాదను కారణముతో, ప్రైవేటు ట్రస్టు నడపు కళాశాలకును వర్తింపజేసిరి. కొనువాడు లేడన్నంత మాత్రమున అమ్మువాడు లేకపోయెనా? 2020లో జాతీయ వినియోగదారుల కమీషను కోచింగు కేంద్రములు మాత్రము తన పరిధిలోనివే యనినది. ప్రవేశపరీక్షకు తర్ఫీదిచ్చువాడు జవాబుదారి, పట్టమిచ్చువాడు కాడు! ఈ వింత తర్కము సుప్రీంకోర్టు దృష్టికి పోగా, ఆ యేడే అప్పీలు విచారణకు స్వీకరింపబడినది.

నష్టము మాటలది కాదు. వినియోగదారుల కమీషనులో 5 లక్షల వరకు రుసుము లేదు. సివిలు కోర్టులో దావా మొత్తమునుబట్టి చెల్లింపవలెను. శుల్కము వాపసుకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నిబంధన కొంత మేలే కాని, ప్రవేశముల తుదిదినము గడచి 30 రోజులు దాటినచో దాని వలన రూపాయియు రాదు. రెండవయేట బయటపడిన మోసమునకు అది యక్కరకు రాదు.

అమెరికాలో కొరింథియన్ కళాశాలల విద్యార్థులు సుమారు 5,60,000 మంది అప్పులను, అనగా 580 కోట్ల డాలర్లను, 2022లో ప్రభుత్వము రద్దుచేసినది. అచ్చట అప్పిచ్చినది ప్రభుత్వమే గనుక కళాశాల చేసిన మోసము ఋణమునకు జవాబు కాగలిగినది. ఇచ్చట ఆ రెండింటికిని ముడి లేదు.

ఒక్క దారి కలదు. 2016లో కేంద్ర ప్రభుత్వము విద్యాసంస్థలను ప్రజోపయోగ సేవలలో చేర్చినది. కోర్టు సేవ కాదన్న దానిని ప్రభుత్వము సేవ యనినది! కావున శాశ్వత లోక్ అదాలత్‌కు రుసుము లేకయే అర్జీ పెట్టుకొనవచ్చును. రాజీ కుదరనిచో తీర్పు చెప్పు నధికారమును దానికి గలదు. ఆ విచారణ జరుగుచున్నంత కాలము బ్యాంకు వడ్డీ నడచుచునే యుండును.