రుచి సరే, గుర్తేదీ?

తొలకరి పడిందంటే చాలు, మన పత్రికల వంటల పేజీలకి పల్లెటూరి గాలి సోకుతుంది. తగిరిసాకు పప్పు, తుమ్మికూర, గంగవావిలి పులుసు, పుట్టగొడుగుల వేపుడు ఒకదాని వెనక ఒకటి వరస కట్టేస్తాయి. చదువుతుంటే నోరూరుతుంది, కాదనను. రాసేవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళు. పోపులో ఎండుమిరపకాయ ఏ రంగు తిరిగాక వెల్లుల్లి వెయ్యాలో కూడా చెప్తారు. కాని ఆ ఆకు ఎలా ఉంటుందో మాత్రం చెప్పరు! "లేత ఆకు శుభ్రంగా కడిగి..." అని మొదలెట్టేస్తారు. ఏ ఆకండీ? ఎవరు కోశారు? ఎక్కడ కోశారు?

ఒకప్పుడు ఈ ప్రశ్న అక్కర్లేదు. చదివే ఆవిడకి పెరడు ఉండేది, పెరట్లో అత్తగారుండేది. ఇవాళ చదివేది అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు ఇల్లాలు. ఆవిడకి ఆకుకూర అంటే మార్కెట్లో కట్ట. తోటకూర, పాలకూర కట్టలకి అమ్మేవాళ్ళ పూచీ ఉంటుంది. గోడ పక్కన దానంతటది మొలిచిన మొక్కకి పూచీ ఎవరు? రాసినవాళ్ళే కదా! అందుకే ఈ రాతల్ని వంట దృష్టితో కాకుండా కాస్త విమర్శ దృష్టితో చూడాలంటాను.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఈ బాపతు పుస్తకాలు వరసగా ముందేసుకుని తిరగేశాను. రెండు జాతులుగా తేలాయి. వంటల పుస్తకాలు మూకుడు దగ్గర మొదలవుతాయి. మూలికల పుస్తకాలు సంస్కృత నామంతో మొదలై, వాతం, పిత్తం, మధుమేహం, మోకాళ్ళ నొప్పి, జుట్టు రాలటం అన్నిటికీ ఇదే మందని ముగుస్తాయి. మూకుడికీ మూలికకీ మధ్య మొక్క ఒకటుందని ఇద్దరూ మర్చిపోయారు.

పేరు చెప్తే చాలదా అంటారేమో. చాలదు. గలిజేరు సంగతే చూడండి. ఆ పేరుతో రెండు వేరు వేరు మొక్కలు చలామణీ అవుతున్నాయి, రెండిటినీ పునర్నవ అనే అంటారు. ఒకటి అటికమామిడి. సన్నటి కాడల చివర చిట్టి గులాబీ పూలు, అడుగున లావుపాటి వేరు. రెండోదానికి ఆకు దళసరి, పువ్వు ఆకు మొదట్లోనే దాక్కుని ఉంటుంది. ఏ గలిజేరు గురించి రాస్తున్నారో చెప్పకుండా "గలిజేరు కిడ్నీకి మంచిది" అనేస్తే, అది సలహా కాదు, లాటరీ.

తగిరిస, అదే కొందరు తంటెం అంటారు, దానికో దాయాది ఉంది, కసివింద. తగిరిస రెమ్మకి సాధారణంగా మూడు జతల ఆకులు, కొసలు గుండ్రంగా ఉంటాయి. కసివిందకి నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. ఇంతే తేడా! పడమటి ఉత్తరప్రదేశ్‌లో చలికాలం వస్తే పసిపిల్లల్ని పొట్టన పెట్టుకునే అంతుచిక్కని జబ్బుకి ఈ కసివింద గింజలు తినటమే కారణమని 2007లో వెలువడిన వైద్య పరిశోధన చెప్పింది. ఆకుల జతలు లెక్కపెట్టమని ఒక్క వాక్యం రాయటానికి ఎంత చోటు కావాలి చెప్పండి?

గంగవావిలి మరీ సులువు. ఎర్రటి కాడ, నున్నటి దళసరి ఆకు, పులుపు. దాని పక్కనే నేలకి కరుచుకుని పెరిగే నానబాలు జాతి మొక్కలు పైపైన చూస్తే అలాగే కనిపిస్తాయి. కాడ విరిచి చూడండి. తెల్లటి పాలు కారితే అది గంగవావిలి కాదు, పారెయ్యండి. అన్నట్టు, గంగవావిలిలో ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు దీని జోలికి పోకపోవటమే మంచిది. మిగతావాళ్ళు ఉడికించి ఆ నీళ్ళు వార్చేస్తే కొంత తగ్గుతాయి. "అందరికీ ఆరోగ్యం" అని రాసేవాళ్ళు ఈ ముక్క ఎందుకు దాచిపెడతారో!

మనకి ఆకుల్ని గుర్తుపట్టటం నేర్పిన పండగ ఒకటుంది, వినాయక చవితి. ఇరవై ఒక్క రకాల పత్రి. నా మటుకు నాకు వృక్షశాస్త్రంలో అంతకంటే అందమైన పాఠం లేదు. కాని ఆ ఇరవై ఒకటిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. మూడూ విషాలే. ఉమ్మెత్త కడుపులో పడితే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, మనిషి సంధి ప్రేలాపన మొదలెడతాడు. దేవుడికి పెట్టినదల్లా మనం తినేది కాదన్నమాట. అదే పండక్కి తెలంగాణ ఇళ్ళల్లో తుమ్మికూర వండుతారు. ఒక పళ్ళెంలో పూజ, ఒక పళ్ళెంలో కూర. ఏది ఏ పళ్ళెంలోకో మన పెద్దవాళ్ళకి తెలుసు. రాసేవాళ్ళు రెండో పళ్ళెం గురించే రాసి ఊరుకుంటే ఎలా?

ఇక కాలం సంగతి. చింతచిగురు చైత్ర వైశాఖాల్లో, తగిరిస తొలకరికి, చెంచలి వానాకాలపు జొన్నచేలో, తుమ్మి భాద్రపదంలో... ఇదీ వరస. తగిరిస లేతగా ఉన్నప్పుడే కూర, ముదిరితే కాదు. నెల చెప్పకుండా ఆకుకూర గురించి రాయటం ముహూర్తం వెయ్యకుండా శుభలేఖ పంచటం లాంటిది.

చోటు సంగతి అంతకంటే ముఖ్యం. పొన్నగంటి కంటికి మంచిదని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. దానికీ నీటి పట్టున పెరిగే ఒక రూపసామ్యం ఉంది. పొన్నగంటికి తెల్లటి పూగుత్తి ఆకు మొదట్లోనే కాడ లేకుండా అతుక్కుని ఉంటుంది, ఆ రెండోదానికి కాడ మీద నిలబడి ఉంటుంది. ఆ తేడా తెలిసినా సరే, హుస్సేన్‌సాగర్ నాలా ఒడ్డున పెరిగింది మాత్రం ముట్టుకోకూడదు. మురుగులో ఉన్న సీసం, కాడ్మియం లాంటివి ఆకుల్లోకి ఎక్కుతాయి. కడిగితే మట్టి పోతుంది గాని, లోపలికి ఎక్కినవి పోవు. మందు కొట్టిన పార్కు గట్టూ, బండ్లు తిరిగే రోడ్డు వారా కూడా అంతే.

పుట్టగొడుగుల దగ్గరికి వస్తే మన కవులూ కథకులూ కూడా దోషులే. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా వెలిశాయని ఎన్ని కథల్లో చదవలేదు! ఎక్కడబడితే అక్కడ పుట్టేది అని కదా భావం. పేరులోనే ఉంది చూడండి, పుట్ట మీది గొడుగు. చెదపురుగులు పుట్ట లోపల శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి, వానలకి అది గొడుగై పైకి లేస్తుంది. ఆ పుట్ట లేకపోతే ఆ గొడుగు లేదు. మన పల్లెల్లో ఆత్రంగా ఏరుకొచ్చేది దాన్ని. అలాగని పుట్ట మీద లేచినంత మాత్రాన మంచిదే అనీ కాదు. పార్కుల పచ్చికలో వాన వెలిశాక లేచే పెద్ద తెల్ల గొడుగు ఒకటుంది. మీద గోధుమరంగు పొలుసులు, అడుగున మడతలు ముదిరే కొద్దీ ఆకుపచ్చగా మారతాయి. లేతప్పుడు అవీ తెల్లగానే ఉండి మోసం చేస్తాయి. తింటే కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు.

అంతకంటే ఘోరమైనవి కూడా ఉన్నాయి. తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, బాధ మొదలవుతుంది. తరవాత తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తరవాత కాలేయం దెబ్బతింటుంది. ఎంతసేపు ఉడికించినా ఆ విషం విరగదు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది చనిపోయారు. ఇవి తెలిసీ మన పేజీల్లో ఏం రాస్తారు? వెండి చెంచా నల్లబడకపోతే మంచివట, పురుగు తింటే మనమూ తినొచ్చట! రెండూ వట్టి మాటలు. విషం వెండిని నల్లబరచదు, పురుగు కాలేయం మన కాలేయం కాదు. నగరంలో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, పెంచి అమ్మేవి కొనుక్కోండి. ఎవరైనా తెలియక తింటే బాధ మొదలయ్యేదాకా ఆగకుండా, మిగిలిన ముక్కతో సహా ఆస్పత్రికి వెళ్ళండి.

మరి ఈ విద్య ఎవరి దగ్గరుంది? పుస్తకాలలో లేదు గాని, కలుపు తీసే చేతుల్లో ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, జొన్న, కంది కలిపి వేసుకున్న చేలల్లో విత్తకుండా మొలిచే ఆకుల్ని పంట కిందే లెక్క కడతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సొసైటీకి వచ్చింది. కలుపు తీసేటప్పుడే ఏది గట్టు మీదికో, ఏది ఒడిలోకో ఆ చెయ్యి తేల్చేస్తుంది. కలుపుమందు కొడితే ఆ కూరా పోతుంది, ఆ గుర్తూ పోతుంది. ఇంకో సంగతి గమనించండి. అలాంటి చెయ్యి తనకి తెలియని ఆకుని ఒడిలో వేసుకోదు. అసలు విద్య అదే. మన రాతల్లో లోపించిందీ అదే.

చిక్కడపల్లి, నారాయణగూడ మార్కెట్లలో చవితి ముందు తుమ్మికూర గంపతో ఎవరైనా కూర్చుంటే, బేరమాడే ముందు గుర్తు అడగండి. అలాగే వంటల పేజీలు రాసే చెల్లెళ్ళకి నా మనవి. పోపు కంటే ముందు నాలుగు ముక్కలు రాయండమ్మా. ఎలా ఉంటుంది, దేనిలా ఉండి మోసం చేస్తుంది, ఏ నెలలో కొయ్యాలి, ఎక్కడ కొయ్యకూడదు. ఉప్పు ఎక్కువైన వంట చదివిన ఆవిడ మర్నాడు సరిచేసుకుంటుంది. ఆకు తప్పైన వంటకి మర్నాడు ఉండకపోవచ్చు.