శరీరం ఒకరిది, శారీరం ఒకరిది

నవంబరు ఒకటో తేదీ వచ్చిందంటే బెంగళూరు వీధుల్లో రాజ్యోత్సవ పందిళ్లు లేస్తాయి. పసుపు ఎరుపు జెండాల కింద మైకు పెట్టగానే వినిపించే పాటల్లో 'నావాడువ నుడియే' ఒకటి. 1973లో వచ్చిన 'గంధద గుడి' చిత్రంలోది. తమ నుడిని, తమ నేలను తలుచుకుని కన్నడిగులు పొంగిపోయే పాట. తెరమీద పాడినది రాజ్‌కుమార్. తెరవెనుక పాడినది కాకినాడలో పుట్టిన ప్రతివాది భయంకరం శ్రీనివాస్.

ఈ సంగతి చెప్పుకుని మన సభల్లో చప్పట్లు కొట్టించుకోవడం మనకు అలవాటే. 'మనవాడు' అనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే చప్పట్లు ఆగిన తర్వాత అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఒక జాతి తన భాషను గురించి పాడుకునే పాట, ఆ భాష మాతృభాష కానివాని గొంతులో పరాయిదిగా ఎందుకు వినిపించదు? ఆ గొంతు చేసిన పని ఏమిటి?

శ్రీనివాస్ 1930 సెప్టెంబరు 22న పుట్టారు. బి.కాం. చదివారు. పాటమీది మోజుతో మద్రాసు చేరి, వైణికులు ఈమని శంకరశాస్త్రిగారి ద్వారా జెమినీ సంస్థలో అడుగుపెట్టారు. 1952లో వచ్చిన 'మిస్టర్ సంపత్' అనే హిందీ చిత్రంలో తొలిసారి ఆయన గొంతు వినిపించింది. ఆ మరుసటి ఏడే కన్నడంలో పాడారు. ఇంటిపేరు చూస్తే వాదంలో ఎదుటివారిని హడలగొట్టినవారి వంశం. గొంతు మాత్రం ఎవరితోనూ వాదించేది కాదు. మంద్రంగా, మెత్తగా, చెవి దగ్గరకు వచ్చి మాట చెప్పినట్టుండే గొంతు. మైకు లేని కాలంలో అయితే ఆ గొంతు నాలుగో వరుస దాటేది కాదేమో. మైకు వచ్చాక అదే దానికి బలమైంది.

తెలుగు సినిమా ఈ గొంతును ఆదరించలేదని అనడం సరికాదు. 'మంచి మనిషి'(1964)లో గులాబి బాల పాట, 'ఆడబ్రతుకు'(1965)లో బుజ్జి పాపాయి పాట, 'లేతమనసులు'(1966)లో సుశీలతో పాడిన అందాల చిలక పాట ఇప్పటికీ మన ఇళ్లలో బతికే ఉన్నాయి. కాని ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి వింటే ఒకటి అర్థమవుతుంది. తెలుగు ఆయన్ను ప్రేమకు, లాలనకు మాత్రమే పిలిచింది. పద్యానికి, పౌరుషానికి, భక్తికి, పెద్ద దుఃఖానికి ఘంటసాల ఉండనే ఉన్నారు. రంగస్థల పద్యం విని పెరిగిన మన చెవికి నాయకుడంటే గొంతు ఖంగుమనాలి. తమిళంలోనూ ఆయన జెమినీ గణేశన్ ప్రేమగీతాలకే ఎక్కువగా దక్కారు. ఈ రెండుచోట్లా ఆయనకు దొరికింది మనిషిలో ఒక పార్శ్వం.

కన్నడం ఆయనకు మొత్తం మనిషిని ఇచ్చింది. రాజ్‌కుమార్ దాసుడు, రాజు, రైతు, చదువుకున్న ఉద్యోగి, చితికిపోయిన ధనికుడు. ఆ వేషాలన్నిటికీ పాట కావలసివచ్చినప్పుడు ఇంచుమించు రెండు దశాబ్దాలపాటు ఎక్కువగా పాడినది ఈయనే. గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పాడుతూ ఎదిగిన నటుడికి పాట ఇవ్వడం తేలిక పని కాదు. ఘంటసాల కూడా 'వీరకేసరి'(1963)లో రాజ్‌కుమార్‌కు చక్కగా పాడారు. వింటుంటే హాయిగానే ఉంటుంది, కాని అక్కడ మనకు ఘంటసాల వినిపిస్తారు. శ్రీనివాస్ పాడితే రాజ్‌కుమార్ వినిపిస్తారు. తాను శరీరం మాత్రమేనని, శారీరం శ్రీనివాస్‌దని రాజ్‌కుమార్ అనేవారని కన్నడనాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక పాటను ఉదాహరణగా తీసుకుందాం. 'భక్త కనకదాస'(1960)లో 'బాగిలను తెరెదు' కనకదాసు సొంత కీర్తన. కురుబ కులంలో పుట్టిన భక్తుడు ఉడుపి గుడి బయట నిలబడి, తలుపు తీయమని కృష్ణుణ్ణి అడిగే సందర్భం. ఈ చోట చాలామంది గాయకులు గుండెలు బాదుకుంటారు. శ్రీనివాస్ గొంతు పెంచరు. లోపలివాడు వింటున్నాడన్న నమ్మకం ఉన్నవాడు ఎలా అడుగుతాడో అలా అడుగుతారు. ఆ అడగడంలో ప్రాధేయపడటం లేదు, దబాయింపూ లేదు. గోడ పగిలి దేవుడు ఇటు తిరిగాడన్న ఐతిహ్యం ఈ పాట విన్నాక ఇంకాస్త నమ్మదగినదిగా అనిపిస్తుంది.

ఇక భాష సంగతి. బెంగళూరులో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగువారికి కన్నడం ఎక్కడ పట్టిస్తుందో తెలుసు. మన పాలు అక్కడ హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. ఆ హకారాన్ని ఒత్తితే కృతకం, వదిలేస్తే తప్పు. 'మనె', 'తలె' వంటి మాటల చివరి ఎకారాన్ని సాగదీస్తే పరాయి యాస బయటపడుతుంది. శ్రీనివాస్ పాటల్లో ఈ రెండూ శ్వాస తీసినంత సహజంగా జరిగిపోతాయి. 'గౌరి'(1963) చిత్రానికి జి.కె. వెంకటేశ్ కువెంపు, కె.ఎస్. నరసింహస్వామి కవితలకు బాణీలు కట్టినప్పుడు ఈ నేర్పు బాగా అక్కరకు వచ్చింది. కవి మాటను సినిమా పాట మింగేయకుండా పాడటమంటే మాటకు మాటకు మధ్య చోటు వదలడం. ఆ చోటు వదలడం ఆయనకు తెలుసు. అది సంగీతంతో పాటు భాషమీద గౌరవం ఉంటేనే వచ్చే విద్య.

ఈ గొంతుకు హద్దులు లేవని కాదు. పై స్థాయిలో ఆవేశం కావలసినచోట అది సన్నబడుతుంది. 'సంధ్యారాగ'(1966)లో కచేరీ స్థాయి గానం అవసరమైతే భీమ్‌సేన్ జోషీని, బాలమురళీకృష్ణను పిలిచారు, అది ఉచితమే. కొన్ని విషాదగీతాల్లో తీపి కాస్త ఎక్కువై దుఃఖం పలచబడుతుంది. అయితే 'కస్తూరి నివాస'(1971) వింటే ఈ మాట వెనక్కు తీసుకోవాలనిపిస్తుంది. తోసినా పడిపోని బొమ్మను గురించిన పాట మొదట ఆటగా వస్తుంది. అన్నీ పోయాక మళ్లీ వస్తుంది. రెండోసారి ఆయన ఏడవరు. ఊపిరి మాత్రం కొంచెం తగ్గిస్తారు, అంతే. మనిషి కుంగిపోవడం మనకు తెలిసిపోతుంది.

1972లో 'బంగారద మనుష్య' కెంపేగౌడ రోడ్డులోని స్టేట్స్ థియేటరులో రెండేళ్ల ఆటకు మొదలుపెట్టినప్పుడు, అందులో పొలం దున్నే నాయకుడి పాట ఈయనదే. ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. 1974లో 'సంపత్తిగె సవాల్'లో గేదెమీద కూర్చున్న రాజ్‌కుమార్ తన పాట తానే పాడుకున్నారు. జనం వెర్రెత్తిపోయారు. నటుడి గొంతు నటుడికి తిరిగి చేరింది. రాజ్‌కుమార్ గొప్ప గాయకుడు. 1992 సంవత్సరానికి గాను గాయకుడిగా జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. అందుచేత ఇది అన్యాయమని అనలేం. అయినా ఇరవై ఏళ్లు ఒక శరీరానికి శారీరంగా ఉన్నవాడికి, ఆ శరీరం తన గొంతు తాను వెతుక్కున్నాక మిగిలేది ఏమిటన్న ప్రశ్న వేధించక మానదు. సినిమా సంగీత చరిత్ర రాసేవారు ఈ ప్రశ్న దగ్గర ఆగకుండా దాటిపోతున్నారు.

శ్రీనివాస్ దానికి నిందతో జవాబు చెప్పలేదు. కాగితం, కలం పట్టుకున్నారు. చెన్నైలో ఉడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్లో, జేబునిండా రంగురంగుల కలాలతో, తలపాగాతో కూర్చుని ఎనిమిది భాషల్లో కవిత్వం రాసుకుంటూ ఉండేవారు. ఆ రాతలన్నీ పాటలంత గొప్పవని చెప్పలేం. కాని ఇంకొకరి పెదవులకు మాట ఇస్తూ బతికినవాడు చివరికి తన మాట కోసం కూర్చోవడం అల్పమైన విషయం కాదు. 2013 ఏప్రిల్ 14న చెన్నైలో కన్నుమూశారు. రాజ్‌కుమార్ అంతకు ఏడేళ్ల ముందు, అదే ఏప్రిల్‌లో పోయారు.

ఇక్కడి తెలుగువారికి ఈ కథలో అవసరమైనది ఒకటుంది. తెలుగువాళ్లం ఈ ఊరికి ఏమిచ్చామన్న లెక్క చెప్పేటప్పుడు మనం శ్రీనివాస్ పేరు ముందుకు తోస్తాం. ఆయన మాత్రం అటువంటి లెక్క పెట్టినట్టు ఆయన పాటలో ఎక్కడా వినిపించదు. హకారం దగ్గర, ఎకారం దగ్గర ఆయన పడిన శ్రద్ధ వినిపిస్తుంది. కన్నడం నేర్చుకుంటే తెలుగు పోతుందని మనలో కొందరికి బెంగ. తెలుగు వదలకుండా, తెలుగులో పాడుతూ రాస్తూనే, ఈయన కన్నడిగుల నోట రాజ్యోత్సవ గీతమయ్యారు. మూసిన తలుపు ముందు ఎంత గొంతుతో అడగాలో తెలిసినవాడు గనుక తలుపు తెరుచుకుంది.