లేసు అంచుకు టైమ్‌షీట్

పాతకాలం తరహా క్రోషా లేసు అంచు అల్లడంలో కష్టమంతా మొదటి వరుసలోనే. గుడ్డ అంచును సన్నగా మడిచి కుట్టి, ఆ మడత పొడవునా సమదూరంలో సూది గుచ్చుతూ దారం పైకి లాగి సింగిల్ కుట్లు వేసుకోవాలి. కుట్లు మరీ దగ్గరైతే అంచు కుచ్చిళ్లు తిరుగుతుంది, దూరమైతే గుడ్డ ముడుచుకుంటుంది. మూలలో ఒకే చోట మూడు కుట్లు పడాలి, లేకపోతే అంచు మలుపు తిరగదు. ఈ వరుస కుదిరిందంటే ఆ పైన గొలుసు తోరణాలు, గవ్వలు, కొసన పికోలు... అంతా లెక్కే. అమీర్‌పేటలో మెట్రో సీటు దొరికితే రాయదుర్గం వచ్చేలోగా కొన్ని గవ్వలు పడతాయి. 40 నంబరు దారం, మిల్లీమీటరు స్టీలు సూది. బ్యాగులో చోటు కూడా అక్కర్లేదు.

ఈ అల్లికను చేతిలాగే అల్లి బజారుకు పంపే యంత్రం ఇంకా రాలేదు. షాపుల్లో మీటర్ల లెక్కన దొరికే ‘క్రోషా లేసు’ చాలామటుకు యంత్రం మీద వేరే పద్ధతిలో తయారైనదే. చూడ్డానికి ఒకేలా ఉంటాయంతే. చేతి లేసులో దారం ఖర్చు కొంచెమే, మిగతాదంతా ఎవరో కూర్చున్న గంటలు.

ఆ గంటలకు వెల కట్టకపోవడం ఎలాగో నరసాపురం చరిత్ర చెబుతుంది. 1844లో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు గోదావరి సీమలో ఈ పని నేర్పారంటారు. తర్వాత అది ఇంటింటి పనై, విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి అల్లికదారుల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో చూస్తే, పూలు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. దారం ఇచ్చేది, సరుకు పట్టుకెళ్లేది ఏజెంటు. గోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు రోజులో చాలా గంటలు వంగి అల్లినా వచ్చేది పొలం కూలి కంటే బాగా తక్కువ. కారణం? వాళ్లు గృహిణులు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు! ఎగుమతిదారులు అలా అన్నారంటే అర్థముంది. ఇళ్లలోని మగవాళ్లూ అదే అన్నారు.

నాకు ఇది చదువుతుంటే మా ఐటీ కారిడార్ గుర్తొచ్చింది. పరదేశపు క్లయింటు, ముక్కలుగా పంచిన పని, ఇంటి నుంచే డెలివరీ. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకోక ముందే, దశాబ్దాల తరబడి గోదావరి గట్టున ఇదంతా నడిచింది. లేనిదల్లా గంటల లెక్క. ఇక్కడ మాకు పావుగంట ఫోన్ మాట్లాడినా ఏ ప్రాజెక్టు కింద రాయాలన్నది పెద్ద చర్చ.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, నకిలీలను అడ్డుకోవడానికి ఒక కాగితం ఉంది. కానీ బేరమాడే నోటిని ఆ కాగితం ఆపలేదు. మాదాపూర్ శిల్పారామంలో లేసు స్టాలు కనిపిస్తే నేను కాసేపు ఆగుతాను. మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చినవాళ్లు, కాఫీకి అడిగినంత ఇచ్చి, టేబుల్ క్లాత్ దగ్గర మాత్రం సగానికి దిగుతారు. అదేమంటే, “ఇంట్లో కూర్చుని అల్లేదేగా!”

నా విషయానికొస్తే, నాది నిజంగానే తీరిక పని. జీతం వేరే వస్తోంది కాబట్టి గంటలు పారబోసుకోగలను. ఆ విలాసాన్ని చూపించి ఇంకొకరి కూలి తగ్గించకూడదని మాత్రం నా పంతం.

అందుకే మా టీమ్‌లో అమ్మాయి, “అక్కా, దిండు గలీబులకు ఇలాంటి అంచే వేసివ్వవా, దారం డబ్బులిస్తాను” అన్నప్పుడు మూరెడు నమూనా అల్లి, పట్టిన గంటలను మా ప్రాజెక్టు టైమ్‌షీట్ ఫార్మాట్‌లోనే నింపి పంపాను. ఫ్రెషర్ రేటే వేశాను. సాయంత్రం నా సీటు దగ్గరికొచ్చి, “వద్దులే అక్కా,” అంది. “శిల్పారామంలో లేసు స్టాలు ఆవిడ ఎంత చెప్పిందన్నావ్?”