గ్లాసు పాలు, గిన్నె పెరుగు

మా తమ్ముడు పెద్ద గ్లాసుడు పాలు తాగి హాయిగా నిద్రపోతాడు. నాకు అరగ్లాసుకే కడుపు ఉబ్బరం. ఒకే తల్లి బిడ్డలం, ఒకే పొయ్యి మీద వండింది తిని పెరిగాం.

పాలలో ఉండే చక్కెర లాక్టోస్. దాన్ని అరిగించే లాక్టేజ్ పసితనంలో చిన్నపేగులో పుష్కలంగా ఊరుతుంది. పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలోని పెద్దవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఇంతే. కొందరిలో మాత్రం లాక్టేజ్ జన్యువు పక్కనే ఉన్న ఎంసీఎం6 జన్యువులో ఒక్క అక్షరం మారి, ఆ ఊటను ఆగనివ్వదు. ఈ మార్పును 2002లో ఫిన్లాండ్ కుటుంబాల్లో గుర్తించారు. మన దేశంలోనూ అదే ఉందని, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తగ్గుతుందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధనలో తేలింది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కటి వచ్చినా చాలు. తమ్ముడికి అది దక్కినట్టుంది.

అయినా నేను రెండు పూటలా పెరుగన్నం తింటాను. రాత్రి పాలు తోడు పెట్టడం నా పనే. పాలు వేలు పెట్టి చూస్తే ఓర్చుకోగలిగినంత వెచ్చగా ఉండాలి. మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, చల్లారిపోతే తెల్లారినా తోడుకోదు. చలికాలం తోడు కాస్త ఎక్కువ వేసి గిన్నెను బియ్యం డబ్బాలో పెడతాను. తెల్లారేసరికి ఆ బ్యాక్టీరియా లాక్టోస్‌లో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అంతకంటే గొప్ప సంగతి, మనం తిన్నాక పేగులో కూడా దాని ఎంజైమ్ మిగతా లాక్టోస్‌ను విరగ్గొడుతూనే ఉంటుంది. నా ఒంట్లో తగ్గిపోయిన పని అది చేసిపెడుతుంది. మజ్జిగ పులుసు మరిగితే ఆ సాయం చాలావరకు పోతుంది.

పదేళ్ల మేనకోడలు పాలు చూస్తే ముఖం తిప్పుకుంటుంది. తండ్రికి పడినంత మాత్రాన కూతురికి పడాలని లేదు. బలవంతం చేయొద్దని, కాల్షియం పెరుగులోనూ ఉంటుందని మరదలికి చెప్పాను. పాలు తాగితేనే బలమని పిల్లల్ని గదమాయించడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే పాల సంగతి ఇంత తేటగా ఉందని అన్నీ ఇలాగే తేలుతాయనుకోవద్దు. షుగరు వ్యాధిలో వందల జన్యు మార్పులు తలా కాస్త చేయి వేస్తాయి. నిద్ర, నడక, వయసు, కంచంలో అన్నం ఎంతన్నదీ వాటితో కలుస్తాయి. లాలాజలం పంపి, జన్యు పరీక్ష కాగితం తెప్పించుకుని, అన్నం పూర్తిగా మానేసింది ఒక స్నేహితురాలు. "ముందు తిన్న రెండు గంటలకు షుగరు ఎంతుందో చూపించుకో. ఆ కాగితం సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.