పాత కార్ల బ్రేకులు: బొమ్మలో కనబడని గొట్టము

పాస్కల్ నియమమును బోధించునపుడు మోటారుకారు బ్రేకును ఉదాహరణగా చూపుట మన పాఠశాలలలో వాడుక. నల్లబల్లపై రెండు సిలిండర్లు, రెండు ముషలకములు, నడుమ ఒక గొట్టము గీయుదుము. ఒకచోట కలిగించిన పీడనము తగ్గకుండ రెండవచోటికి చేరునని చెప్పుదుము. చెప్పినది నిజమే. కాని ఆ బొమ్మలో ఒక లోపము కలదు. గొట్టము సాగదనియు, పూడదనియు, ముసలిది కాదనియు మనము చెప్పకయే ఒప్పుకొనుచున్నాము.

నిజమైన కారులో చక్రము పైకి క్రిందికి ఊగును. ముందు చక్రము ప్రక్కకు తిరుగును. అందుచేత లోహపు గొట్టము చివర మెత్తని రబ్బరు గొట్టము తప్పదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ వంటి పాత కారు నేడు మధిర వీధిలో కనబడినచో, దాని బ్రేకును గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న ఈ గొట్టము వయసెంత అనునదే.

ఖమ్మం ప్రాంతమున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. దానికి బ్రేకు వేడి తోడగును. వేడియు, గాలిలోని ఆమ్లజని, ఓజోనులును రబ్బరు అణుశృంఖలములను క్రమముగా చెరచును. పైనున్న పగుళ్ళు కంటికి కనబడును. లోపలి పొర ఉబ్బుట, పొర లేచుట కనబడవు. లేచిన పొర ఒక్కొకప్పుడు కవాటమువలె పనిచేయును: కాలి ఒత్తిడికి ద్రవము ముందుకు పోవును, తిరిగి రాలేదు. పెడలు వదలినను బ్రేకు పట్టియే ఉండును. కారు ఒక ప్రక్కకు లాగును.

ద్రవము కూడ ముసలిదగును. అది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 ద్రవము కొత్తగా ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల వరకు మరుగరాదు. నీరు సుమారు 3.7 శాతము చేరినపుడు ఈ హద్దు 140 డిగ్రీలకు దిగును. మరిగిన ఆవిరి నొక్కుడుపడును. పెడలు అడుగంటును, బ్రేకు పట్టదు.

ఇంత ఉండగా, “డిస్కు బ్రేకులు వేయించిన చాలును” అను మాట తరచు వినబడును. ఈ మాటను పరీక్షింపవలెను. 1953లో లే మాన్ పందెమును గెలిచిన జాగ్వార్ కారు డిస్కు బ్రేకుల ప్రతిష్ఠను పెంచినది. 1,100 కిలోగ్రాముల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవునపుడు దాని గతిజశక్తి 2,20,000 జౌళ్ళు. ఆ శక్తి వేడిగా మారవలెను. ఆ వేడిని డిస్కు త్వరగా విడుచును. మాటిమాటికి బ్రేకు వేయుచోట ఇది గొప్ప మేలు. కాని కారును తుదకు ఆపునది టైరుకు, రోడ్డుకు నడుమనున్న ఘర్షణ. ఘర్షణ గుణకము 0.7 అయినచో, ఆ వేగమున ఆగుటకు సుమారు 29 మీటర్లు కావలెను. చక్రమును బిగబట్టగల మంచి డ్రమ్ము ఉన్నచోట, ఒక్కసారి ఆపుటకు డిస్కు ఆ దూరమును తగ్గింపజాలదు.

పైగా మార్పునకు మార్పు అవసరమగును. తిరుగుచున్న డ్రమ్ము షూను తనలోకి లాగుకొనును. డిస్కునకు ఆ సాయము లేదు, కావున హెచ్చు పీడనము కావలెను. డ్రమ్ము బ్రేకుల మార్గమున కొంత పీడనమును నిలిపియుంచు కవాటము ఉన్నచో, దానిని తీయకున్న డిస్కు రాచుకొనుచునే ఉండును. ముందు వెనుకల పాలు తప్పి వెనుక చక్రములు మొదట బిగిసినచో కారు గిరగిర తిరుగును.

మార్పు వలదని నా వాదము కాదు. ఒక గొట్టము పగిలినను సగము బ్రేకు మిగులునట్లు ద్రవమార్గమును రెండుగా విభజించుట మెచ్చదగిన మార్పు. అయితే వరుస తప్పరాదు: మొదట గొట్టములు, ద్రవము, పిదప తక్కినవి. పాత గొట్టముపై కొత్త డిస్కు వేయుట చిల్లికుండకు రంగు వేయుటవంటిది.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చును. రెండు సిరంజులను నీటితో నింపి మొదట గట్టి గొట్టముతో, పిదప పలుచని మెత్తని రబ్బరు గొట్టముతో కలుపుడు. రెండవ సిరంజి ముషలకముపై బరువు నుంచి మొదటిదానిని నొక్కుడు. మెత్తని గొట్టము ఉబ్బుటయు, బరువు ఆలస్యముగా లేచుటయు విద్యార్థులే చూతురు. అపుడు బల్లపైనున్న గొట్టపు బొమ్మలో ఏమి లోపించినదో వారినే చెప్పనిండు.